కొలిమి చెయ్యి

పోయిన ఆషాఢంలో నా ఎడమ భుజం సమ్మె కట్టింది. నోటీసు లేదు, డిమాండ్లు లేవు. పొద్దున్నే స్నానం చేసి చొక్కా తొడుక్కోబోతే చెయ్యి సగం దాకా వచ్చి అక్కడే బైఠాయించింది. నేను అరిచిన అరుపుకి పక్క ఫ్లాటు వాళ్ళ కుక్క జవాబు చెప్పింది.

ఎముకల డాక్టరు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, షుగరున్న వాళ్ళకి ఇది మామూలేనని, భుజం గడ్డకట్టిందని, రోజూ గోడ మీద వేళ్ళని బల్లిలా పైకి పాకిస్తూ ఉంటే నాలుగైదు నెలల్లో అదే కరుగుతుందని చెప్పాడు. కుడిచెయ్యి బానే ఉందిగా, ఇంకేం అని ధైర్యం కూడా చెప్పాడు. ఆయనకేం తెలుసు. హార్మోనియం వాయించేవాడికి కుడిచెయ్యి పలికించేది, ఎడమచెయ్యి బతికించేది. ఎడమచెయ్యి తిత్తి ఊదితేనే పెట్టెలో గాలి. గాలి ఉంటేనే పాట.

అదీ ఎప్పుడు? సరిగ్గా పదకొండు రోజుల్లో ఖాజాగూడలో మా మొదటి కచేరీ ఉందనగా.

మేమంటే ముగ్గురం. కరెంటు డిపార్టుమెంటులో ముప్పైనాలుగేళ్ళు తీగలతో వేగి రిటైరైన నేను, యజ్ఞనారాయణని. మా పై అంతస్తులో ఉండే ప్రభుదాస్ మాస్టారు. పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరయ్యాక గిటారు పట్టి చర్చిలో పాడతారు, సొంతంగా పాటలు కూడా కడతారు. మూసాపేటలో ఉండే వీరేశం. పగలు క్యాబు, సాయంత్రం డోలక్. ముగ్గురి వయసులూ కలిపితే నూటఎనభై దాటుతుంది. బాచుపల్లిలో మా అపార్టుమెంటు సెల్లారులో, కార్ల మధ్య, రెండేళ్ళుగా మాలో మేము వాయించుకుంటున్నాం. వాచ్‌మన్ మెచ్చుకునేవాడు గానీ, వాడు నీళ్ళ ట్యాంకరు హారన్ని కూడా అంతే ఇష్టంగా వింటాడు.

మాస్టారి చర్చిలో పాడే సెలీనా అనే అమ్మాయి ఖాజాగూడలో ఒక కాఫీ షాపుకి మేనేజరు. ఆ అమ్మాయి పుణ్యాన మాకు నాలుగు శనివారాలు దొరికాయి. సాయంత్రం ఆరింటి నుంచి గంటసేపు. నాలుగో శనివారం ఓనరు వచ్చి వింటాడు. నచ్చితే ఇక ప్రతి శనివారమూ మాదే. నచ్చకపోతే, గిటార్లు తగిలించుకున్న ఇద్దరు కుర్రాళ్ళు ఆ చోటు కోసం ఎప్పట్నుంచో కాచుకుని ఉన్నారట. ఈ వయసులో మమ్మల్ని రెండోసారి ఎవరూ పిలవరని మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంట్లో సంగతి ఇంకోటి. మా ఆవిడ భ్రమరాంబ నా హార్మోనియాన్ని వట్టిపోయిన గేదె అంటుంది. పాలివ్వదు, చోటు మాత్రం తింటుంది, దుమ్ము దులిపే చాకిరీ అదనం. అటక మీద బొమ్మల పెట్టెకీ పాత మిక్సీకీ మధ్య దానికోసం చోటు ఖాళీ చేసి, పాత దుప్పటి కూడా పరిచి ఉంచింది. నా భుజం పట్టేసిన రోజు ఆవిడ దాని కేసి ఒకసారి, అటక కేసి ఒకసారి చూసింది. అది చాలు. ఆ పెట్టె ఒకసారి ఆ దుప్పటి మీదికి ఎక్కిందా, నేనున్నంతకాలం మళ్ళీ దిగదు.

ఉపాయాలకి మాత్రం కరువు రాలేదు. మా వాడు లోహిత్ ఇంట్లో కూర్చునే ఉద్యోగం చేస్తాడు. వాడు ఫోన్లో ఏదో నొక్కి, ఇందులోనే హార్మోనియం ఉంది నాన్నా అని చూపించాడు. అద్దం మీద వేలితో రాస్తే పలుకుతోంది. విస్తట్లో భోజనం ఫొటో పెట్టినట్టుంది. మాస్టారు చర్చిలో ఉన్న కీబోర్డు తెస్తానన్నారు. వద్దన్నాను. కరెంటు మీద నమ్మకం లేక కాదు, అదెప్పుడు పోతుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు గనక. ఇక వీరేశం, "ఫికర్ జెయ్యకు అన్నా, నేను కాలుతోని గుంజుత" అని తిత్తికి తాడు కట్టి ఆ కొస తన బొటనవేలికి చుట్టుకున్నాడు. మొదటి దరువుకి పెట్టె కదిలింది. మూడో దరువుకి నా ఒళ్ళోంచి లేచి వీరేశం ఒళ్ళోకి పోయింది.

చివరికి లోహిత్‌నే కూర్చోబెట్టాను. వాడు మీటింగులో మైకు కట్టేసి, ఒక కన్ను లాప్‌టాప్ మీద పెట్టి, ఒక చేత్తో తిత్తి ఊదుతున్నాడు. ఎవరో ఏదో అడిగినప్పుడల్లా చెయ్యి ఆపి 'యెస్, యెస్' అంటాడు. నా పాటకి ఎక్కిళ్ళు వచ్చినట్టుంది.

భ్రమరాంబ వంటింటి గుమ్మంలో కూర్చుని గోంగూర తుంచుతోంది. కాసేపు ఓర్చుకుంది. తర్వాత గోంగూర పళ్ళెం పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏంట్రా అది, కుక్కని అదిలించినట్టు. అలా ఊదితే నిప్పు చచ్చిపోతుంది" అంది.

"నిప్పేంటమ్మా" అన్నాడు వాడు.

"లే అక్కణ్ణుంచి."

వాళ్ళ నాన్నగారిది కమ్మరి కొలిమి. పెళ్ళయ్యేదాకా ఆ కొలిమి తిత్తి ఊదింది భ్రమరాంబే. ఆ సంగతి నాకు తెలియక కాదు. మా ఊరి గాలిమరకి ఎన్ని రెక్కలో తెలిసినట్టు తెలుసు. దాంతో నాకు పని పడుతుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

తిత్తి హార్మోనియానికి వెనకవైపు ఉంటుంది. ఊదేవాళ్ళు వాయించేవాడికి ఎదురుగా కూర్చోవాలి. ముప్పైఆరేళ్ళ కాపురంలో మేమిద్దరం అంత దగ్గరగా, అంతసేపు, దెబ్బలాడుకోకుండా ఎదురెదురుగా కూర్చోవడం అదే మొదలు. ఆవిడ తిత్తి మీద చెయ్యి వేసి, ఒకసారి తెరిచి మూసి దాని బరువు చూసింది. తర్వాత ఊదడం మొదలుపెట్టింది. నేను షడ్జమం మీద వేలు పెట్టాను. నలభై ఏళ్ళుగా నా దగ్గరున్న పెట్టె అది. అందులో అలాంటి గొంతుందని నాకే తెలియదు. ఎక్కడా అతుకు లేదు, వణుకు లేదు. నూనె ధారలా వచ్చింది. లోహిత్ చెవుల్లోంచి మీటింగు వినే ఆ తెల్ల గుబిలి బిళ్ళలు తీసి విన్నాడు. వాడు వాటిని స్నానానికి తప్ప తియ్యడు.

"మీ భుజం కరిగేదాకానే" అని ముందే చెప్పింది భ్రమరాంబ. "తర్వాత మీ గేదె, మీ పాడి."

ఆ రోజు నుంచి ఆవిడ ఇంకో పని కూడా నెత్తిన వేసుకుంది. ప్రతి శనివారం పొద్దున్న నన్ను గోడ దగ్గర నిలబెట్టి, వేళ్ళు ఎంతదాకా పాకితే అక్కడ కాటుకతో చుక్క పెట్టేది. మొదటి చుక్క నా నడుము దగ్గరుంది.

మొదటి శనివారం వీరేశం కార్లో నలుగురం బయల్దేరాం. సన్నగా వాన. ఆ కాఫీ షాపు ఖాజాగూడ గుట్టరాళ్ళకి ఎదురుగా ఉంటుంది. ఆ రాళ్ళ మీద వాన పడుతుంటే ఎవరో ఏనుగుల మందకి స్నానం చేయిస్తున్నట్టుంటుంది. లోపల ఇరవై బల్లలు. ప్రతి బల్ల మీదా ఒక లాప్‌టాప్, ప్రతి లాప్‌టాప్ వెనకా ఒక నుదురు. మాకు కనపడేవి నుదుళ్ళే. మూలగా జానెడు ఎత్తున్న చెక్క వేదిక, పక్కన నల్లబల్ల, దాని మీద సుద్దతో మా ముగ్గురి పేర్లూ.

అక్కడ మొదటి పేచీ వచ్చింది. తిత్తి వైపు కూర్చుంటే భ్రమరాంబ వీపు జనానికి ఉంటుంది. వచ్చినవాళ్ళకి వీపు చూపించి కూర్చోవడం మా ఇంటా వంటా లేదంది. సరేనని పెట్టెని అడ్డంగా తిప్పాం. ఇద్దరం పేకాటకి కూర్చున్నట్టు కుదిరాం.

నాలుగు పాటలు అయ్యాయి. ఒక్క నుదురూ లేవలేదు. కాఫీ మిషను మాకంటే గట్టిగా పాడుతోంది. ఆఖర్న మాస్టారు మోకాళ్ళ పాట ఎత్తుకున్నారు. మూసాపేట మెట్రో మెట్లు ఎక్కి దిగే ఒక పెద్దాయన గోడు అది, ఆయన సొంతంగా కట్టింది.

"ఎక్కేటందుకు ఎస్కలేటరుంది, దిగేటందుకు దేవుడున్నాడు" అని పల్లవి. చివరి చరణంలో ఆ పెద్దాయన మెట్లన్నీ దడదడమని దిగేస్తాడు. అక్కడ డోలక్ విజృంభించాలి, నా హార్మోనియం దాంతో పోటీగా పరుగెత్తాలి. సెల్లారులో వందసార్లు చేశాం. కానీ ఆ వారం రోజులూ వీరేశం బోనాల సీజను కిరాయిల మీద తిరుగుతూ మా సాధనకి రాలేదు. భ్రమరాంబ ఆ డోలక్‌ని అంత జోరు మీద వినడం అదే మొదటిసారి.

వీరేశం రెండు చేతులతో దబదబా వాయించడం మొదలుపెట్టాడు. భ్రమరాంబ చెయ్యి ఠక్కున ఆగిపోయింది.

పెట్టెలో మిగిలిన కాస్త గాలీ పిల్లికూతలా సన్నగిల్లి పోయింది. నా వేళ్ళు హార్మోనియం మెట్ల మీద పరుగెడుతూనే ఉన్నాయి, చప్పుడు లేదు. కళ్ళతో సైగ చేశాను. ఆవిడ నన్ను చూడటం లేదు, వీరేశం చేతుల్ని చూస్తోంది. డోలక్ ఒక్కటే గది గోడలు అదిరేలా మోగి, చివరి దెబ్బతో ఆగింది. ఆ నిశ్శబ్దంలో మాస్టారి గొంతు ఒక్కటే "అమ్మయ్యా" అంది, పాటలో ఆఖరి మాట అదే. అప్పుడు కదిలింది భ్రమరాంబ చెయ్యి. నిదానంగా, పొడుగ్గా. నా వేళ్ళ కింద మెట్లన్నీ ఒక్కసారి ఊపిరి విడిచాయి. ఆఖరి మెట్టు దిగిన ముసలాయన గుండె మీద చెయ్యేసుకుని హమ్మయ్య అనుకున్నట్టుంది.

నుదుళ్ళు లేచాయి. వాటి కింద కళ్ళు కనపడ్డాయి. తర్వాత చప్పట్లు.

అక్కడితో ఊరుకుని ఇంటికొచ్చి పెరుగన్నం తిని పడుకుంటే నేను మంచివాణ్ణే. కానీ ఆ చప్పట్లు ఒక పొరపాటుకి పడ్డాయని నాకు తెలుసు, అది నన్ను గుచ్చుతోంది. కార్లో కొండాపూర్ దాటకముందే అడిగాను, ఎందుకు ఆపావని.

"సమ్మెట పడుతుంటే తిత్తి ఎవరైనా ఊదుతారా?" అంది, నాకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు. ఇనుము కొలిమిలో ఉన్నంతసేపే ఊదాలట. ఎర్రబడ్డ ఇనుము తీసి దాగలి మీద పెట్టి సమ్మెట వేస్తున్నప్పుడు ఊదితే బొగ్గు దండగ. వాళ్ళ నాన్న కేకలేసేవాడట. డోలక్ మోత వినపడగానే చెయ్యి దానంతటదే ఆగిపోయిందట.

వీరేశం స్టీరింగు మీద కొట్టి మరీ నవ్వాడు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను నవ్వలేదు. ఇది కొలిమి కాదని, కచేరీ అని మొదలుపెట్టి, గాలి ఎప్పుడూ తెగకూడదని, హార్మోనియం మర్యాద అదని, బాచుపల్లి చేరేదాకా చెప్పాను. వీరేశం ఒకసారి అడ్డం వచ్చాడు. "గట్ల బంద్ చేసుడే మంచిగున్నది గదనే అన్నా, వదినమ్మను ఎందుకు పరేషాన్ చేస్తవ్" అన్నాడు. వాడి మాట వినకుండా నేను ఆఖరి మేకు దిగ్గొట్టాను.

"నువ్వు గాలి ఇస్తే చాలు. ఆలోచన నేను చేస్తాను."

భ్రమరాంబ కిటికీ లోంచి వాన చూస్తూ కూర్చుంది.

రెండో శనివారం ఆవిడ నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. డోలక్ మోగినా, ఉరిమినా, పక్క బల్ల మీద కప్పు పడి పగిలినా చెయ్యి ఆపలేదు. ఒక్క తప్పు లేదు. పాట కూడా లేదు. పెళ్ళికి అద్దెకి తెచ్చిన కూలర్ పక్కన కూర్చుని వాయించినట్టుంది నాకు. ఒక్క నుదురూ పైకి లేవలేదు.

అయిపోయాక సెలీనా నా దగ్గరికొచ్చింది. "అంకుల్, పోయినవారం మ్యూజిక్ సడెన్‌గా ఆగిపోయి, ఆంటీ మళ్ళీ స్టార్ట్ చేశారు చూడండి, అది ఈసారి లేదేంటి? ఆ ఒక్కదానికోసం మళ్ళీ వచ్చినవాళ్ళున్నారు" అంది.

భ్రమరాంబ విననట్టే తిత్తి మూసి గొళ్ళెం పెట్టింది. ఇంటికొచ్చాక చెప్పుల్ని స్టాండులో పెడుతూ, చాలా మామూలుగా, వచ్చే శనివారం నుంచి తను రానని చెప్పింది.

"గాలికయితే ఫ్యాను చాలుగా. మీకు కరెంటు పని తెలుసు, బిగించుకోండి."

మూడో శనివారం మేము ముగ్గురం వెళ్ళాం, కీబోర్డుతో. దాని సంగతి ఎక్కువ చెప్పను. కుడిచేత్తో వాయిస్తుంటే, పనిలేని ఎడమచెయ్యి ఒళ్ళో ఉండి తిత్తి కోసం వెతుక్కుంటోంది. మూడో పాటలో ఏ మీట నొక్కానో ఏమో, దానంతటదే డ్రమ్ములు మొదలుపెట్టింది. ఆగదు. వీరేశం డోలక్ మీంచి చేతులు తీసేసి, "నేనున్న గదనే, మల్ల గీడెవడు?" అని మైకులోనే అడిగాడు. జనం నవ్వారు. అది మా పాటకి నవ్విన నవ్వు కాదు, మమ్మల్ని చూసి నవ్విన నవ్వు. వెళ్ళేటప్పుడు సెలీనా మెల్లగా, ఓనరు ఆదర్శ్ గారు వచ్చేవారం వస్తున్నారని, ఆ గిటారు కుర్రాళ్ళు ఇప్పటికే ఆయన్ని కలిశారని చెప్పింది. ఆ అమ్మాయి మా కోసం మాటపడిందని ఆ గొంతులోనే తెలిసిపోయింది.

తిరిగి వస్తుంటే మియాపూర్ సిగ్నల్ దగ్గర ప్రభుదాస్ మాస్టారు, కారు ముందు సీట్లోంచి వెనక్కి తిరక్కుండా అన్నారు: "యజ్ఞనారాయణ గారూ, పరీక్షలో పిల్లాడు నాకు తెలియని దారిలో లెక్క చేసుకొచ్చి జవాబు సరిగ్గా తెస్తే, నేను మార్కులు వేసేవాణ్ణండి."

రెండు రోజులు నా అహం నాతో బేరాలాడింది. మంగళవారం పొద్దున్న వంటింట్లోకి వెళ్ళి పీట వాల్చుకుని కూర్చున్నాను. వంటింట్లో నేను పీట వేసుకున్నానంటే తినడానికే. భ్రమరాంబ ఇంకా ఉప్మా అవలేదంది. ఉప్మా కోసం కాదన్నాను. కాసేపు ఆవాలు చిటపటలాడాయి.

సమ్మెట పడుతున్నప్పుడు ఆపుతారు సరే, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఎలా తెలుస్తుంది అని అడిగాను. మీ నాన్నగారు చెప్పేవారా?

"చెప్పాక మొదలెడితే అప్పటికే ఆలస్యం" అంది ఆవిడ, గరిటె తిప్పుతూనే. ఇనుము దాగలి మీద ఉండగానే దాని ఎరుపు చూస్తూ ఉండాలట. ఎరుపు నల్లబడబోయే ముందు ఒక రంగు వస్తుంది, మాగిన ఈతపండు రంగు. అది రాగానే నిప్పు లేపి ఉంచాలి. నాన్న పటకారుతో ఇనుము తెచ్చి కొలిమిలో పెట్టేసరికి అది ఆయన కోసం కాచుకుని ఉండాలి. ఆయన ఒక్కసారి కూడా తనకి నోటితో చెప్పలేదట.

"మరి పాటలో ఇనుమేది?"

గరిటె ఆగింది. ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని ఎదురుచూస్తున్న మనిషిలా జవాబు చెప్పింది. "మాస్టారి గొంతు. ఆయన గొంతు ఎక్కడ ఎర్రబడుతుందో, ఎక్కడ చల్లారబోతుందో వింటుంటే తెలుస్తుంది. మీ వేళ్ళ చప్పుడులో మీకు వినపడదు."

ముప్పైఆరేళ్ళలో నా వాయింపు గురించి ఆవిడ మాట్లాడటం అదే మొదలు. అది తిట్టే. కానీ విన్నవాళ్ళు తిట్టిన తిట్టు.

"అయితే శనివారం నువ్వు ఎక్కడ ఆపితే నేనక్కడ ఆగుతాను" అన్నాను.

ఆవిడ ఉప్మా పళ్ళెంలో పెట్టి నా ముందుకి తోసింది. జీడిపప్పులన్నీ ఒక పక్కకి, నా పక్కకే వచ్చాయి.

నాలుగో శనివారం వాన ఇంక ఆగేది లేదన్నట్టు కురిసింది. బయటికి కదలలేని జనంతో షాపు నిండిపోయింది. ఆదర్శ్ ముప్పై ఏళ్ళ కుర్రాడు, నిక్కరు వేసుకుని ముందు బల్ల దగ్గర ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. నేను హార్మోనియం మీద కుడిచెయ్యి పెట్టి, కళ్ళు మాత్రం నా మెట్ల మీద పెట్టలేదు. భ్రమరాంబ చేతి మీద పెట్టాను.

ఆ గంటా ఏం వాయించానని అడిగితే చెప్పలేను. ఎప్పుడు ఆగానో మాత్రం ప్రతి చోటూ గుర్తుంది. మాస్టారి వానపాటలో, డోలక్ కూడా లేని చోట, ఆయన గొంతు ఒక మాట మీద నిలబడింది. ఆవిడ చెయ్యి ఆగింది, నా వేళ్ళు ఆగాయి. బయట రాళ్ళ మీద పడుతున్న వాన ఒక్కటే వినపడింది. ఆ మాట చల్లారబోయే ముందు తిత్తి కదిలింది, నా షడ్జమం అక్కడ ఆయన కోసం కాచుకుని ఉంది. మాస్టారు పాడుతూనే మా వైపు తిరిగి చూశారు. అరవైఆరేళ్ళ ఆ గొంతు ఆ రోజు ఎక్కినంత పైకి అంతకుముందెప్పుడూ ఎక్కలేదు.

మోకాళ్ళ పాట వచ్చింది. వీరేశం దరువుకి ముందు భ్రమరాంబ వైపు చూసి కనుబొమలెగరేశాడు. డోలక్ మోగింది, తిత్తి ఆగింది, పెద్దాయన దడదడా మెట్లు దిగాడు. "అమ్మయ్యా" అన్నారు మాస్టారు. భ్రమరాంబ ఈసారి ఊపిరి వెంటనే విడవలేదు. ఆపింది. ఇంకా ఆపింది. కాఫీ మిషను దగ్గర కుర్రాడు మీట మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు. చచ్చినా ఆవిడకి సైగ చెయ్యకూడదని పళ్ళు బిగించాను. అప్పుడు, పొడుగ్గా, తీరిగ్గా, వదిలింది.

ఆదర్శ్ ఫోను బల్ల మీద బోర్లించి ఉంది. అదెప్పుడు బోర్లించాడో నేను చూడలేదు.

తర్వాత అతను వేదిక దగ్గరికి వచ్చి, మధ్యలో అలా ఆపడం ఎవరి ఆలోచన అని అడిగాడు. మాస్టారూ వీరేశమూ నా వైపు చూశారు, ఇప్పుడేం చెబుతావో చెప్పు అన్నట్టు.

"ఈవిడది" అన్నాను.

"ఎక్కడ నేర్చుకున్నారు ఆంటీ?"

"కొలిమి దగ్గర" అంది భ్రమరాంబ. అదేదో పేరున్న సంగీత పాఠశాల అయ్యుంటుందనుకున్నాడు కాబోలు, గౌరవంగా తలూపాడు.

మరుసటి శనివారం సెలీనా నల్లబల్ల మీద హార్మోనియం అని రాసి, పక్కన భ్రమరాంబ, యజ్ఞనారాయణ అని రాసింది. నా పేరు చివర చోటు చాలక 'ణ' మూలకి నలిగిపోయింది. అయ్యో, నా పేరు ముందు రాసేసరికి మీది ఇరుకైపోయిందండీ అంది మా ఆవిడ. ఆ అయ్యోలో బాధ నాకెక్కడా తగల్లేదు.

అలా శ్రావణం, భాద్రపదం, దసరా గడిచాయి. గోడ మీద కాటుక చుక్కలు నడుము నుంచి భుజం దాకా, భుజం నుంచి చెవి దాకా ఎక్కాయి. ఎక్కుతున్న కొద్దీ నాకు సంతోషం తగ్గడం మొదలైంది. భుజం కరిగేదాకానే అన్న మాట నాకు గుర్తుంది. మాట మీద నిలబడటంలో భ్రమరాంబ వాళ్ళ నాన్న దాగలి లాంటిది. దీపావళి ఇంకా వారం ఉందనగా నా చెయ్యి నొప్పి లేకుండా తల మీదికి వెళ్ళింది. స్నానాలగదిలో తలుపేసుకుని రెండుసార్లు ఎత్తి చూసుకున్నాను, దొంగనోట్లు లెక్కపెట్టుకున్నట్టు. బయటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. శనివారం పొద్దున్న గోడ దగ్గర నిలబడి, వేళ్ళని కావాలనే పాత చుక్క దగ్గర ఆపేశాను. మూలిగాను కూడా. తర్వాతి శనివారమూ అంతే. ఆ తర్వాతదీ అంతే. ఆవిడ ఆ చుక్క మీదే మళ్ళీ మళ్ళీ చుక్క పెట్టింది. అది పెద్దదై, గోడకి దిష్టిచుక్కలా తయారైంది.

కార్తీక పౌర్ణమి శనివారం వచ్చింది. దీపాల బుట్ట అటక మీద ఉంది, కాస్త దించమంది భ్రమరాంబ. నేను స్టూలెక్కాను. బొమ్మల పెట్టెకీ మిక్సీకీ మధ్య, పరిచిన దుప్పటి మీద, చర్చి వాళ్ళు మళ్ళీ అడగని ఆ కీబోర్డు పడుకుని ఉంది. దాన్ని చూసి నవ్వొచ్చింది. ఆ నవ్వులో ఒళ్ళు మరిచి, బుట్టని రెండు చేతులతో ఎత్తి, తల మీదుగా దించి, ఆవిడకి అందించాను.

అప్పుడు తెలిసింది ఏం చేశానో. ఎడమచెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. దాన్ని నెమ్మదిగా దించుకుంటూ, కొంచెం మూలిగి చూశాను.

"అదొద్దు" అంది భ్రమరాంబ. "నాకు తెలిసి మూడువారాలైంది."

"ఎలా?"

"వేళ్ళు చుక్క దగ్గరే ఆగిపోతున్నాయి గానీ, చొక్కా తొడుక్కునేటప్పుడు అరవడం మానేశారు."

నేను స్టూలు దిగలేదు. దిగితే ఏదో ఒకటి చెప్పాలి. మూడువారాలుగా తెలిసీ ఆవిడ ఎందుకు ఊరుకుందా అని అప్పుడు తట్టింది. నేనెందుకు ఊరుకున్నానో అందుకే. ఆవిడ బుట్టలో దీపాలు ఒక్కొక్కటే తీసి పగుళ్ళు చూసుకుంటోంది. కింద వీరేశం కారు హారను రెండుసార్లు మోగింది.

భ్రమరాంబ కొంగు దోపుకుని లేచింది. గోడ మూల ఉన్న హార్మోనియం దగ్గరికి వెళ్ళి, తిత్తి గొళ్ళెం సరిగ్గా పడిందో లేదో చూసి, గుడ్డ కప్పి, సంచీలో పెట్టి జిప్పు లాగింది. ఇన్నాళ్ళూ ఆ పెట్టెని వీరేశం పైకొచ్చి మోసుకెళ్ళేవాడు. ఆవిడ సంచీ పట్టీ ఎత్తి నా ఎడమ భుజానికి తగిలించి, బరువుకి నేను వాలతానేమోనని ఒక్క క్షణం చూసింది.

"చెయ్యి బాగైతే మంచిదేగా. ఇవాళ్టి నుంచి పెట్టె మీరు మొయ్యండి" అంది. నాకంటే ముందు గుమ్మం దాటి, లిఫ్టు బటన్ నొక్కింది.